ఎండకు పూచీకత్తు

మనకు గుంటూరు ఎలాగో రాజస్థాన్‌కు మథానియా అలాగ. జోధ్‌పూర్‌కు కాస్త ఉత్తరాన ఉండే ఈ ఊరి పేరు చెప్పగానే అక్కడివాళ్లకు ముందు గుర్తొచ్చేది ఎర్ర మిరపకాయ. లాల్ మాస్ అనే వేటమాంసం కూరకు ఆ రంగూ ఆ ఘాటూ మథానియా మిరపతోనే రావాలని అక్కడి వంటవాళ్ల పట్టు. అలాంటి ఊరి పేరు 1990లలో మిరపతో ఏ సంబంధమూ లేని దస్త్రాలలోకి ఎక్కింది. వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మనీ ప్రభుత్వ బ్యాంకు, ఢిల్లీలో, జైపూర్‌లో అధికారులు ఆ పేరును ఏళ్ల తరబడి రాసుకున్నారు. దేశంలో మొదటి పెద్ద సౌర విద్యుత్ కేంద్రం అక్కడ రావాలి.

రాలేదు.

అభివృద్ధి బ్యాంకులు మన దేశంలో సౌర విద్యుత్తుకు అప్పులిచ్చిన చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా 2017లో మధ్యప్రదేశ్‌లోని రీవా వేలం నుంచి మొదలుపెడతారు. యూనిట్ ధర మూడు రూపాయల లోపుకి దిగిన వేలం అది. కానీ రీవా అర్థం కావాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లి మథానియాలో నిలబడాలి. అక్కడ చేతులు కాల్చుకున్నవాళ్లు నేర్చుకున్నదే రీవాలో పండింది.

కథకు మూలం అమెరికాలో ఉంది. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో లుజ్ అనే కంపెనీ 1984 నుంచి 1990 లోపు తొమ్మిది సౌర విద్యుత్ కేంద్రాలు కట్టింది. అన్నీ కలిపి 354 మెగావాట్లు. ఇప్పుడు ఊరూరా కనిపించే నీలం పలకలు కావవి. దోనెల్లా వంచిన పొడవాటి అద్దాలు ఎండను ఒక గొట్టం మీదకు పోగు చేస్తాయి, గొట్టంలోని నూనె కాగుతుంది, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతారు. పొయ్యి మారింది కానీ మిగతాదంతా థర్మల్ కేంద్రమే. లుజ్ కంపెనీ 1991లో దివాలా తీసినా కేంద్రాలు మాత్రం కరెంటు ఇస్తూనే వచ్చాయి. ఎడారిలో ఎండతో వందల మెగావాట్లు తీయవచ్చని రుజువైంది.

పర్యావరణ పనులకు పేద దేశాలకు డబ్బివ్వడానికి ప్రపంచ పర్యావరణ నిధి పుట్టింది కూడా 1991లోనే. జీఈఎఫ్ అని పిలిచే ఆ నిధి ఎండ ఎక్కువగా కాసే నాలుగు దేశాలను ఎంచుకుంది: మన దేశం, మొరాకో, ఈజిప్టు, మెక్సికో. మథానియాకు 4.9 కోట్ల డాలర్లు ఉచితంగా ఇస్తామంది. మిగతా ఖర్చులో పెద్ద వాటాకు అప్పివ్వడానికి జర్మనీ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ముందుకొచ్చింది. ఈ బ్యాంకు పుట్టుక గురించి ఒక మాట చెప్పుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన జర్మనీని మళ్లీ కట్టుకోవడానికి 1948లో దాన్ని పెట్టారు. దాని పేరుకు అర్థమే పునర్నిర్మాణానికి అప్పులిచ్చే సంస్థ అని. అప్పుతో లేచి నిలబడ్డ దేశం తర్వాత ఇతరులకు అప్పులివ్వడం మొదలుపెట్టింది.

మథానియా కేంద్రం మొత్తం 140 మెగావాట్లు. అందులో ఎండ వాటా 35 మాత్రమే. మిగతాదానికి నాఫ్తా మండించాలి. పగలు అద్దాలు, మబ్బు పట్టినా పొద్దుగూకినా నాఫ్తా. కాగితం మీద చక్కటి ఏర్పాటే. కానీ మెలిక అక్కడే పడింది. నాఫ్తా అంటే ముడిచమురు శుద్ధిలో వచ్చే సరుకు, చమురు ధర పెరిగితే దాని ధరా పెరుగుతుంది. పెరిగింది కూడా. ఆ ధరకు కరెంటు కొనడానికి రాజస్థాన్ విద్యుత్ బోర్డు దగ్గర డబ్బేదీ? నాఫ్తా బదులు సహజవాయువు వాడదామన్నారు, ఆ ఎడారి ఊరికి గొట్టం ఎవరు వేస్తారన్న ప్రశ్న వచ్చింది. కేంద్రం, రాష్ట్రం, వాషింగ్టన్, ఫ్రాంక్‌ఫర్ట్ మధ్య ఉత్తరాలు తిరిగాయి. 2000 దశకంలో ప్రాజెక్టును మూటగట్టి పక్కన పెట్టేశారు.

మిగతా మూడు దేశాలూ కట్టుకున్నాయి. మొరాకోలో ఐన్ బెని మథార్, ఈజిప్టులో కురైమాత్ కేంద్రాలు 2011 నాటికి కరెంటు ఇస్తున్నాయి. మెక్సికోదీ తర్వాత పూర్తయింది. మొరాకో అక్కడితో ఆగలేదు. ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, ఐరోపా పెట్టుబడి బ్యాంకు, అదే కేఎఫ్‌డబ్ల్యూ కలిసి ఇచ్చిన డబ్బుతో 2016లో వర్జాజాత్ దగ్గర 160 మెగావాట్ల నూర్-1 కేంద్రాన్ని ప్రారంభించింది. మనకు ఎండ తక్కువై కాదు. దేశంలో ఎండ బాగా కాసే ప్రాంతాల్లో పశ్చిమ రాజస్థాన్ ఒకటి. ఉచితంగా ఇస్తామన్న డబ్బు ఉంది, అప్పిచ్చే బ్యాంకు ఉంది, అద్దాల విద్య కాలిఫోర్నియాలో పరీక్షకు నిలిచింది. ఇంధనం ఖర్చు ఎవరు భరిస్తారో, కరెంటు ఎవరు కొంటారో, కొన్నవాడు డబ్బు కట్టకపోతే ఏమిటో మాత్రం తేలలేదు.

ఈలోగా చిన్న పనులు నడిచాయి. 1987లో కేంద్ర ప్రభుత్వం ఇరెడా అనే సంస్థను పెట్టింది. గాలి, ఎండ, చిన్న జలవిద్యుత్ కేంద్రాలకు అప్పులివ్వడమే దాని పని. 1992 చివర్లో ప్రపంచ బ్యాంకు ఇరెడా ద్వారా మన దేశానికి తన మొదటి పెద్ద పునరుత్పాదక రుణం మంజూరు చేసింది. ఇందులో 11.5 కోట్ల డాలర్లు నామమాత్రపు వడ్డీ మీద, 7.5 కోట్లు మామూలు షరతుల మీద, 2.6 కోట్లు జీఈఎఫ్ నుంచి గ్రాంటుగా వచ్చాయి. గాలిమరలూ కాలువల మీది చిన్న జలవిద్యుత్ కేంద్రాలూ ఆ డబ్బుతో బాగానే లేచాయి. సౌర పలకలది అప్పట్లో లాంతర్ల స్థాయి. పలక ధర చూసి పెద్ద కేంద్రం కట్టే ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. 2003 నుంచి ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కర్ణాటకలో కెనరా, సిండికేట్ బ్యాంకుల ద్వారా వడ్డీ తగ్గించి ఇళ్లకు సౌరదీపాల అప్పులిప్పించింది. వేల ఇళ్లలో దీపం వెలిగింది. బ్యాంకు మేనేజర్లకు సౌర పలక మీద అప్పిస్తే వసూలవుతుందన్న నమ్మకమూ కుదిరింది.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. లెక్క తెలియకుండా ఈ చరిత్ర సగమే తెలుస్తుంది.

రాయలసీమ రైతు బోరు వేయించుకోవడాన్ని తలుచుకోండి. రిగ్గు వచ్చిన రోజే ఖర్చంతా అయిపోతుంది. నీళ్లు పడితే ఏళ్ల తరబడి వస్తాయి, వాటికి వేరే డబ్బు కట్టక్కర్లేదు. కానీ అప్పు తెచ్చి వేయించిన బోరు నీళ్లు నిజంగా ఎంతకు పడ్డాయో తేల్చేది షావుకారు వడ్డీ. సౌర కేంద్రమూ అంతే. బొగ్గు కేంద్రం రోజూ బొగ్గు కొంటుంది, ధర పెరిగితే బిల్లులో కలుపుతుంది. సౌర కేంద్రం పాతికేళ్ల ఇంధనాన్ని మొదటి రోజే పలకల రూపంలో కొనేసుకుంటుంది. తర్వాత ఖర్చల్లా పలకలు కడగడం, కాపలా, చిన్నాచితకా మరమ్మతులు. కాబట్టి యూనిట్ ధరలో సింహభాగం అప్పు వాయిదాలే.

కోటి రూపాయలు 12 శాతం వడ్డీకి 15 ఏళ్ల గడువుతో తెస్తే ఏటా రూ.14.68 లక్షలు కట్టాలి. అదే కోటి 8 శాతానికి 20 ఏళ్ల గడువుతో దొరికితే ఏటా రూ.10.19 లక్షలు కడితే చాలు. పలక అదే, ఎండ అదే. అప్పు మారినందుకు ఏటి భారం దాదాపు మూడో వంతు తగ్గింది. సౌర విద్యుత్తులో ఇంజనీరు కన్నా అప్పిచ్చేవాడి మాట ఎందుకు ఎక్కువ చెల్లుబాటవుతుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

2010 జనవరి 11న జాతీయ సౌర మిషన్ మొదలైంది. 2022 నాటికి 20 వేల మెగావాట్లు లక్ష్యం. అప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి సౌర పలకల కరెంటుకు కట్టిన ధర యూనిట్‌కు రూ.17.91. ఆ ఏడాది చివర్లో జరిగిన మొదటి వేలంలో సగటున రూ.12.16కు దిగింది. ఏడాది తర్వాత రెండో విడతలో ఒక ఫ్రెంచి కంపెనీ రూ.7.49కే ఇస్తానంది. పత్రికలు ఆశ్చర్యపోయాయి, మన బ్యాంకులు అనుమానపడ్డాయి. ఈ కంపెనీలు కడతాయా? కట్టినా పలకలు పాతికేళ్లు పనిచేస్తాయని ఎవరు చూశారు? అప్పుల్లో మునిగిన కరెంటు పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, బిల్లు కడతాయా? అప్పు ఇచ్చినా పన్నెండు పదమూడు శాతం వడ్డీ, తక్కువ గడువు.

ఆ ఖాళీలోకి విదేశీ డబ్బు వచ్చింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు, అంటే ఏడీబీ, రాజస్థాన్‌లోని పోఖ్రాన్ దగ్గర 40 మెగావాట్ల దహాను సౌర కేంద్రానికి అప్పిచ్చింది. అందులో అమెరికా ఎగుమతి దిగుమతి బ్యాంకూ చేయి కలిపింది. ఇది అసలు అభివృద్ధి బ్యాంకు కాదు, తన దేశపు సరుకు అమ్ముడుపోవడానికి కొనేవాడికి అప్పిచ్చే సంస్థ. దాని వడ్డీ మన బ్యాంకుల వడ్డీలో సగం కూడా ఉండేది కాదు, గడువు చాలా ఎక్కువ. షరతు ఒక్కటే, పలకలు అమెరికావి కొనాలి. అప్పటి మన నిబంధన ప్రకారం స్ఫటిక సిలికాన్ పలకలు దేశంలో తయారైనవే వాడాలి, సన్నపొర పలకలకు ఆ నిర్బంధం లేదు. దాంతో చౌక డాలర్ల కోసం చాలామంది సన్నపొర వైపు మళ్లారు. మన పలకల ఫ్యాక్టరీలకు ఆర్డర్లు పడిపోయాయి. 2013లో అమెరికా మన స్వదేశీ నిబంధన మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. 2016లో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. చౌక అప్పు మంచిదే, కానీ దాని వెంట ఏ షరతు వస్తుందో చూడకపోతే మన కార్ఖానాలే దెబ్బతింటాయని ఆ నాలుగైదేళ్ల అనుభవం తేల్చింది. ఏ రాయితీ రుణ పత్రం మీద సంతకం చేసేముందైనా ఈ ఘట్టాన్ని గుర్తుచేసుకోవడం అవసరం.

ఏడీబీ మాత్రం మరో దారి కూడా వెతికింది. 2011లో చిన్న సౌర కేంద్రాలకు ఇతర బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో కొంత భాగానికి తాను పూచీ ఉంటానని 15 కోట్ల డాలర్ల హామీ పథకం పెట్టింది. తన డబ్బు ఇవ్వడానికి బదులు పక్కవాడి భయం తగ్గించడం. అదే ఏడాది గుజరాత్‌లో ఇంకో పని చేసింది. ఈ చరిత్రలో అది పెద్ద మలుపు.

పాటన్ జిల్లాలో, కచ్ రణ్ అంచున చారంకా అనే చిన్న ఊరు ఉంది. ఉప్పు తేలిన నేల, ముళ్లపొదలు. గుజరాత్ ప్రభుత్వం 2009లో సౌర విధానం ప్రకటించి, ఈ ఊరి దగ్గర సుమారు 5 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వేసింది. ఎవరికి వాళ్లు భూమి వెతుక్కుని, రోడ్డు వేసుకుని, కరెంటు లైను కోసం పడిగాపులు పడక్కర్లేకుండా అందరికీ ఒకేచోట ప్లాట్లు ఇచ్చింది. పారిశ్రామికవాడ పద్ధతే ఇది, ఫ్యాక్టరీ బదులు పలకలు. ఏడీబీ ఇక్కడ ఒక్క పలకకూ డబ్బివ్వలేదు. గుజరాత్ ట్రాన్స్‌మిషన్ సంస్థకు 10 కోట్ల డాలర్లు అప్పిచ్చి సబ్‌స్టేషన్, హైటెన్షన్ లైన్లు వేయించింది. 2012 ఏప్రిల్ 19న పార్కును ప్రారంభించే నాటికి 214 మెగావాట్ల పలకలు బిగించారు. లైను ముందే ఉంటే కంపెనీలు వాటంతట అవే వస్తాయని చారంకా చూపించింది.

మహారాష్ట్రలో ధూళే జిల్లా సాక్రి దగ్గర కేఎఫ్‌డబ్ల్యూ పాత పద్ధతిలోనే వెళ్లింది. రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థకు 25 కోట్ల యూరోల అప్పు, 125 మెగావాట్లు, 2013లో పూర్తి. కానీ ఆ పద్ధతి చారంకాలా విస్తరించలేదు.

చారంకా నమూనాను కేంద్ర ప్రభుత్వం 2014 డిసెంబరులో దేశమంతటికీ విస్తరించింది. పార్కులకు మెగావాట్‌కు రూ.20 లక్షల దాకా సాయం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ వెంటనే అందుకుంది. అప్పటి అనంతపురం జిల్లా నంబులపూలకుంటలో ఒకటి, అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర ఒకటి. కర్నూలు పార్కు వెయ్యి మెగావాట్లు, దాదాపు 5,900 ఎకరాలు. 2017లో పూర్తయ్యేసరికి ఒకేచోట ఉన్న సౌర పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. పలకల వెనుక ఉన్న లైన్ల కథలో మళ్లీ కేఎఫ్‌డబ్ల్యూ కనిపిస్తుంది. గాలి, ఎండ కరెంటును మోసుకెళ్లే గ్రీన్ ఎనర్జీ కారిడార్ కోసం జర్మనీ ఇచ్చిన రుణాలు అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కర్నూలులో ఇంకో పాఠమూ ఉంది. 2015 నవంబరులో అక్కడి 500 మెగావాట్లకు జరిగిన వేలంలో అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ రూ.4.63కు పాడింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ ధర. ఆరు నెలలు తిరగకుండానే, 2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. చివరికి హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో దాని భారతీయ ఆస్తులు కొని కర్నూలు పని పూర్తి చేసింది. ధర తగ్గించడం ఒక్కటే గొప్ప కాదని, ఆ ధర వెనుక నిలిచే అప్పు గట్టిదై ఉండాలని తెలుగు నేల మీదే రుజువైంది.

ఇప్పుడు రీవా.

మధ్యప్రదేశ్ ఈశాన్య మూల, వింధ్య పీఠభూమి మీద, గుఢ్ తహసీల్‌లోని బద్వార్ దగ్గర సుమారు 1,500 హెక్టార్ల రాతినేల. 2015లో మధ్యప్రదేశ్ ఊర్జా వికాస్ నిగమ్, కేంద్రానికి చెందిన సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ చెరిసగం వాటాతో రీవా అల్ట్రా మెగా సోలార్ కంపెనీ పెట్టాయి. 250 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లు. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని అంతర్జాతీయ ఆర్థిక సంస్థ, ఐఎఫ్‌సీ, సలహాదారుగా వచ్చింది. పార్కులో రోడ్లకు, లోపలి సబ్‌స్టేషన్లకు ప్రపంచ బ్యాంకు, స్వచ్ఛ సాంకేతిక నిధి కలిసి డబ్బిచ్చాయి. దేశంలో సోలార్ పార్కుల మౌలిక వసతుల కోసం ఉద్దేశించిన 9.8 కోట్ల డాలర్ల అప్పు, 20 లక్షల డాలర్ల గ్రాంటు ఒప్పందం మీద 2017 నవంబరులో సంతకాలయ్యాయి. ఆ డబ్బు ఇరెడా ద్వారా పార్కులకు చేరాలి. 1987లో పుట్టిన సంస్థ ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అదే బ్యాంకు సొమ్మును చేరవేసే వాహిక అయింది.

అయితే రీవాలో నిజమైన పనితనం ఆ డబ్బులో కన్నా ఒప్పంద పత్రాల్లో ఉంది. సలహాదారులూ రాష్ట్ర అధికారులూ కూర్చుని వేలం పాడబోయే కంపెనీల భయాలు ఒక్కొక్కటీ ముందు పెట్టుకున్నారు. భూమి చేతికి రాకపోతే? లైను సిద్ధం కాకపోతే? గ్రిడ్ నిండిందని కరెంటు తీసుకోకపోతే? అన్నిటికన్నా పెద్ద భయం, కొన్నవాడు డబ్బు కట్టకపోతే? మథానియాను ముంచిన ప్రశ్న ఇదే.

జవాబుగా మూడంచెల పూచీకత్తు రాశారు. మొదటి అంచె బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్. అది చాలకపోతే చెల్లింపుల కోసమే విడిగా పెట్టిన నిధి. అదీ చాలకపోతే మధ్యప్రదేశ్ ప్రభుత్వపు సొంత హామీ. ఒక సౌర ఒప్పందానికి రాష్ట్ర ప్రభుత్వం ఇలా నేరుగా పూచీ నిలబడడం దేశంలో అదే మొదలు. గ్రిడ్ కరెంటు తీసుకోని వేళలకు పరిహారం రాశారు. కొనేవాళ్లలో ఢిల్లీ మెట్రోను చేర్చారు. టిక్కెట్ల మీద రోజూ చేతికి డబ్బు వచ్చే సంస్థ అది, డిస్కంలా బకాయిలు పెట్టే అలవాటు లేనిది. రీవా కరెంటులో 24 శాతం మెట్రోకు, మిగతాది మధ్యప్రదేశ్‌కు. వేలానికి ముందే పత్రాలన్నీ కంపెనీలకు చూపించి, అభ్యంతరాలు విని, మార్చాల్సినవి మార్చారు.

2017 ఫిబ్రవరి 9న ఆన్‌లైన్ వేలం మొదలైంది. తగ్గించేకొద్దీ సాగే రివర్స్ వేలం. పైసా పైసా తగ్గుతూ రాత్రంతా సాగి, మర్నాటి సాయంత్రానికి 33 గంటల తర్వాత ఆగింది. మహీంద్రా, ఆక్మే, సోలెనెర్జీ తలా ఒక యూనిట్ గెలిచాయి. మొదటి ఏడాది ధర మూడింటికీ రూ.2.97 చిల్లర. తర్వాత పదిహేనేళ్లు ఏటా 5 పైసలు పెరుగుతుంది. పాతికేళ్ల సగటు చూస్తే సుమారు రూ.3.30. అంతకుముందు దేశంలో అతి తక్కువ ధర రూ.4.34. చైనాలో పలకల ధర అప్పుడే బాగా పడిపోయిన మాట నిజం, అది లేకుండా ఈ ధర వచ్చేది కాదు. కానీ పలక ధర దేశమంతటా ఒకేలా పడింది. రీవా పత్రాలు కంపెనీల్లో, వాళ్లకు అప్పులిచ్చే బ్యాంకుల్లో పుట్టించిన ధైర్యానికి కొంత ధర కట్టవచ్చు. మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44కు దిగాక ఇక వెనక్కి చూసుకోలేదు.

2019 ఏప్రిల్‌లో ఢిల్లీ మెట్రోకు రీవా కరెంటు అందడం మొదలైంది. 2020 జనవరికి 750 మెగావాట్లూ పూర్తయ్యాయి. ఆ ఏడాది జులై 10న ప్రధాని వీడియో ద్వారా జాతికి అంకితం చేశారు.

ఆ మధ్యకాలంలో అభివృద్ధి బ్యాంకుల డబ్బు వరదలా వచ్చింది. ఇంటి కప్పుల మీద పలకల కోసం స్టేట్ బ్యాంకుకు ప్రపంచ బ్యాంకు 62.5 కోట్ల డాలర్లు, పంజాబ్ నేషనల్ బ్యాంకుకు ఏడీబీ 50 కోట్లు. బ్రిక్స్ దేశాల కొత్త బ్యాంకు 2016లో ఇచ్చిన తొలి అప్పుల్లో కెనరా బ్యాంకుకు 25 కోట్లు. ఐరోపా పెట్టుబడి బ్యాంకు నుంచి స్టేట్ బ్యాంకుకే 20 కోట్ల యూరోలు. డాలరు అప్పులో ఉన్న ముల్లును కూడా గుర్తించారు. 2010లో డాలరు సుమారు 45 రూపాయలు, 2023లో 80 దాటింది. కరెంటు రూపాయల్లో అమ్మి అప్పు డాలర్లలో కడుతుంటే తక్కువ వడ్డీ లాభమంతా అక్కడే కరిగిపోతుంది. అందుకే ఐఎఫ్‌సీ విదేశాల్లో రూపాయల్లోనే బాండ్లు అమ్మి ఆ డబ్బు ఇక్కడికి తెచ్చింది. వాటికి అది పెట్టిన పేరు మసాలా బాండ్లు.

ఇంత కష్టపడి కట్టిన నమ్మకం ఎంత సుకుమారమైందో 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలిసింది. కొత్తగా వచ్చిన ప్రభుత్వం జులై 1న జీవో 63 జారీ చేసింది. పాత గాలి, సౌర ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయి, మళ్లీ మాట్లాడుకుందాం అన్నది దాని సారాంశం. డిస్కంల నష్టాలు నిజమే, పాత ధరలు భారమన్నదీ నిజమే. కానీ సౌర కేంద్రం ధర అంటే అప్పు వాయిదా అని పైన చెప్పుకున్నాం. కట్టేసిన కేంద్రం ధర సగానికి తగ్గిస్తే తగ్గించుకోవడానికి అక్కడ బొగ్గు లేదు, బ్యాంకు బాకీ ఒక్కటే ఉంది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. జపాన్ రాయబారి ముఖ్యమంత్రికి ఆందోళన తెలుపుతూ లేఖ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి జీవోను కొట్టేసినా, విషయం తేలేదాకా సౌర కరెంటుకు రూ.2.44 చొప్పున మాత్రమే చెల్లించాలన్నారు. భడ్లాలో పలికిన అంకె ఇదే. 2022 మార్చి 15న ధర్మాసనం ఒప్పందం ధరే చెల్లుతుందని, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలని తీర్పు చెప్పింది. రీవా తరహాలో పై అంచె పూచీలు ఉండి ఉంటే ఈ మూడేళ్ల గొడవ ఇంతదాకా వచ్చేది కాదేమో.

అప్పిచ్చినవాడికి, కట్టినవాడికి పూచీ ఎలా ఇవ్వాలో ఈ ముప్పై ఏళ్లలో నేర్చుకున్నాం. మరి భూమి ఇచ్చినవాళ్ల మాటేమిటి? చారంకా ముళ్లపొదలు కాగితంలో బంజరు, కానీ అక్కడి పశువుల కాపరులకు అది మేత. నంబులపూలకుంటలో పట్టా లేకుండా తరాలుగా ప్రభుత్వ భూమి దున్నుకుంటున్న శివాయి జమాదార్లకు పరిహారం విషయంలో వివాదం రేగింది. అనంతపురానికి ఆనుకుని ఉన్న కర్ణాటక పావగడలో మాత్రం మరో దారి తొక్కారు. రాయచెర్లు, క్యాతగానచెర్లు, తిరుమణి అంటూ ఊరిపేర్లలోనే తెలుగు వినిపించే ఆ సీమలో 13 వేల ఎకరాలను కొనకుండా రైతుల దగ్గర 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా రూ.21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వరుస కరువులు చూసిన రైతుకు అది ఊరట. అయితే ఆ పొలాల్లో కూలికి వెళ్లినవాళ్ల పేరు ఆ కౌలు పత్రంలో లేదు.

రీవాలో కంపెనీకి రాసిన మూడంచెల పూచీ లాంటిదే భూమి ఇచ్చిన రైతుకు, మేత పోయిన కాపరికి, పని పోయిన కూలీకి కూడా రాయాలి. కౌలు ఆలస్యమైతే ఏ నిధిలోంచి ఎన్నాళ్లలో కడతారో, అదీ లేకపోతే ఎవరు పూచీయో అంకెలతో సహా ఆ పత్రంలో ఉండాలి. మన జిల్లాల్లో రేపు వచ్చే పార్కుల రుణ పత్రాల మీద సంతకం చేసే అధికారులు, అప్పిచ్చే బ్యాంకులు ఈ షరతును ముందుగా అడగాలి. వాళ్లు అడగకపోతే పొలం ఇచ్చే ఊరు అడగాలి.